పసుపు మీద ఎర్రచుక్క

దేశాయిపేటలో రాహేలు ఇంటి వాకిట్లో ఆ శనివారం పొద్దున కారు కుంటిదానిలా నిలబడి ఉంది. కుడివైపు ముందు చక్రం ఊడదీసి గోడకు ఆనించారు. జాకీ కింద రెండు ఇటుకలు. రాహేలు బియ్యం ఏరుకునే సత్తు పళ్లెంలో నట్లు, వాషర్లు వరసగా పడుకుని ఉన్నాయి. ఆ పళ్లెం ఇక బియ్యానికి పనికిరాదని ఆమెకు తెలుసు. అయినా అడిగింది మొగిలి కాబట్టి ఇచ్చింది.

కారు ఆమె కొడుకు కృపానందానిది. పదేళ్లు పరాయివాళ్ల అంబాసిడర్లు నడిపి నడిపి, నిరుడు, ఎనభై ఏడులో, హనుమకొండ డాక్టరుగారు వాడి అమ్మిన మారుతిని కొనుక్కున్నాడు. ములుగు, పరకాల, ఏటూరునాగారం, ఎవరు ఎక్కడికంటే అక్కడికి కిరాయికి తిప్పుతాడు. ఇంజన్ లోపల ఒక రబ్బరు బెల్టు ఉంటుందనీ, అరవై వేల కిలోమీటర్లు దాటితే తెగకముందే మార్చాలనీ డాక్టరుగారు అమ్మేటప్పుడే చెప్పాడు. ఇప్పుడు ఆ అంకె దాటింది.

"తెగితే ఏమైతది బిడ్డా?" అని రాహేలు అప్పటికి నాలుగుసార్లు అడిగింది.

"నడిచే బండి నడిచిన కాడనే ఆగుతది పెద్దమ్మా. ఇంకేం కాదు. నువ్వు ఫికర్ చేయకు, తెగకముందే మారుస్తానం గద," అన్నాడు మొగిలి బానెట్ కిందనుంచి తల ఎత్తకుండానే.

మొగిలి పక్క గల్లీవాడు. కృపానందం ఈడువాడే. ములుగు రోడ్డు లారీ షెడ్డులో పన్నెండేళ్ల నుంచి పనిచేస్తున్నాడు. లారీ ఇంజనైనా, జీపు ఇంజనైనా కళ్లు మూసుకుని విప్పి బిగించగలడని పేరు. కానీ వాటిలో ఉండేది ఇనుప గొలుసులూ గేర్లూ. రబ్బరు బెల్టు ఉన్న ఇంజన్‌ను ముట్టుకోవడం అదే మొదటిసారి.

"ఇనుపగొలుసు పని ఈ రబ్బరు పట్టీ చేస్తాందంటే నమ్మబుద్ధి అయితలేదురా. నీ లాగు నాడ లెక్కనే ఉన్నది," అన్నాడు బెల్టును వేలితో నొక్కి చూస్తూ.

"నా లాగు నాడ తెగితే నా ఒక్కని ఇజ్జతే పోతది. ఇది తెగితే కిరాయికెక్కినోళ్లందరిది పోతది. జర నిమ్మళంగ తియ్యి," అన్నాడు కృపానందం.

ఇద్దరూ నవ్వుకున్నారు. రాహేలు మాత్రం నవ్వలేదు. ఆ పని సరిగ్గా కుదరడం మీద మొగిలి బతుకు కొంత ఆధారపడి ఉందని ఆమెకు తెలుసు.

ములుగు రోడ్డు మీద సుందర్ రావు సారుకు ఒక రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. ఆయన హైస్కూలు మాస్టరు, చర్చి సంఘంలో పెద్ద. ఊళ్లోకి ఈ చిన్నకార్లు ఒకటొకటిగా వస్తున్నాయి, విప్పి చూసేవాడు లేడు, షెడ్డు మొగిలికి ఇస్తే వాడే సొంతంగా రిపేరు షాపు పెట్టుకుంటాడని కృపానందం ఆయన చెవిలో వేశాడు. సారు షెడ్డు ఊడ్చుకొమ్మని తాళంచెవి ఇచ్చాడు. "కిరాయి కాగితం మాత్రం మీ కారు పని చూసినంకనే" అన్నాడు. సోమవారం ఆ కారులోనే ఆయన కుటుంబమంతా ములుగుకు తమ్ముడి కొడుకు నిశ్చితార్థానికి పోవాలి. అంతకంటే ముందు, ఆ శనివారం సాయంత్రం నాలుగింటికి, రాహేలు ఇంట్లో ప్రార్థన కూడిక. సారు, పాస్టరుగారు, ఇంకో పదిహేను మంది వస్తారు.

పదకొండింటికి రాహేలు బోరింగు దగ్గరికి నీళ్లకు పోయింది. తర్వాత ఆమె ఎన్నోసార్లు అనుకుంది, ఆ బిందె నిండేంతసేపు తాను వాకిట్లోనే ఉండి ఉంటే బాగుండేదని. ఎందుకంటే మొగిలి పని వివరం అంతా ఆ కాసేపట్లోనే కృపానందానికి చెప్పాడు.

"పైన పెద్ద పళ్లచక్రం, కింద చిన్నది. రెండు కలిసి తిరగాలె. పైది ఒక్క పన్ను అటూ ఇటూ అయితే ఇంజన్ ఊపిరి తప్పుతది. అందుకే బెల్టు గుంజకముందే గుర్తులు పెడ్త. ఇగ చూడు, ఈ చుక్క ఈ చుక్కకు ఎదురుగ ఉండాలె. కొత్త బెల్టు ఎక్కించినంక గూడ ఎదురుగనే ఉండాలె. గంతే."

లారీ షెడ్డులో ఎండ రాదు. ఉన్న ఇనుమంతా గ్రీజుతో నల్లగా ఉంటుంది. అందుకని అక్కడివాళ్లు గుర్తు పెట్టేందుకు, లారీల మీద పేర్లు రాసే పెయింటరు దగ్గర మిగిలిన రంగులు చిన్న డబ్బాల్లో దాచుకుంటారు. ముందు బొటనవేలితో పసుపు రంగు ఇంత పూసి, దాని నడుమ అగ్గిపుల్లతో ఎర్రచుక్క పెడతారు. ఎంత చీకట్లోనైనా కనబడుతుంది. మొగిలి పైచక్రానికి ఒకటి, దాని ఎదురుగా ఇంజన్ ఒంటికి ఒకటి, కిందిచక్రానికి ఒకటి, దాని ఎదురుగా ఒకటి పెట్టాడు. బెల్టు జాగ్రత్తగా గుంజి, దాన్నే నమూనాగా సంచిలో వేసుకుని, కొత్తది తేవడానికి సైకిలెక్కి హనుమకొండ పోయాడు. కృపానందం ప్రార్థనకు చాపలూ కుర్చీలూ అడిగి తేవడానికి పోయాడు.

రెండింటికి రాహేలు వాకిలి ఊడుస్తూ కారు దగ్గరికి వచ్చి, వంగి లోపలికి చూసింది. చీపురు చేతిలోనే ఆగిపోయింది.

పసుపు, దాని నడుమ కుంకుమ. ఒకటి కాదు, నాలుగు బొట్లు. గడపకు పెట్టినట్టు, కొత్త బండికి గుడి ముందు పెట్టించినట్టు.

మొగిలి పని మొదలుపెట్టే ముందు పూజ చేశాడని ఆమె అనుకుంది. కొత్తరకం ఇంజన్ కదా, భయపడి ఉంటాడు, దేవునికి మొక్కి ఉంటాడు. మొక్కుకోవడం వాడి ఇష్టం. కానీ తన ఇంట్లో, ప్రార్థన కూడిక ఉన్న రోజున, తన కొడుకు కారుకా.

ఆమెకు పోయిన నెల సంగతి గుర్తుకు వచ్చింది. సంఘంలోని ఒక ఆటో అతని ఇంట్లో కూడిక జరిగితే, ఆటో ముందు కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ సుందర్ రావు సారు కంటబడ్డాయి. ఆయన ఆ ఇంట్లో నీళ్లు కూడా ముట్టలేదు. ఆ రోజు ప్రార్థనంతా ఆ నిమ్మకాయ మీదే చేశాడు. ఆటో అతని భార్య మూడు ఆదివారాలు ప్రార్థన గుడికి రాలేదు.

రాహేలు కిరసనాయిల్ సీసా, పాత లంగా గుడ్డ తెచ్చింది. తుడిస్తే పసుపూ ఎరుపూ కలిసి గుడ్డకు అంటుకున్నాయి. నూనెలో కలిపి పెట్టినట్టున్నాడు అనుకుంది. పెయింటు వాసన ఆమెకు తగల్లేదు. కిరసనాయిలూ పెట్రోలూ కలిసి అప్పటికే ముక్కు మూసుకుపోయి ఉంది. పైచక్రం మీది బొట్టు పళ్ల సందుల్లోకి దిగింది. ఎడమచేత్తో చక్రాన్ని గట్టిగా పట్టుకుని రుద్దింది.

చక్రం టక్కుమని తిరిగింది.

దానికదే తన్నుకున్నట్టు తిరిగింది. రాహేలు చెయ్యి వెనక్కి గుంజుకుని, కాసేపు ఆగి, మళ్లీ పట్టుకుని ఎంత తిరిగిందో అంతే వెనక్కి తిప్పాననుకునేంత తిప్పింది. తాను పక్కకు జరిపిన ఇంజన్ కవరును మళ్లీ మామూలుగా ఆనించి పెట్టి, గుడ్డను పొయ్యిలో వేసి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది.

మూడింటికి మొగిలి వచ్చాడు. కొత్త బెల్టును అట్టపెట్టెలోంచి తీసి పాతదాని పక్కన పెట్టి, రెండింటి పళ్లూ లెక్కపెట్టాడు. తర్వాత లోపలికి వంగి చాలాసేపు లేవలేదు.

"అరె, చుక్కలేవిరా?"

"నాకేం తెలుసు, నేను ఇప్పుడే వచ్చిన," అన్నాడు కృపానందం.

మొగిలి లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. చేతులకు గ్రీజు ఉన్నందున లోపలికి అడుగుపెట్టలేదు. రాహేలు టీ కోసం అల్లం దంచుతోంది.

"పెద్దమ్మా, బండి దగ్గరికి ఎవరన్న వచ్చిన్రా?"

"ఎవ్వరు రాలే."

"చక్రం ఎవరన్న ముట్టుకున్నరా? కదిలిందా ఏమన్న?"

చెప్పడానికి అదే సమయం. కానీ తుడిచానంటే ఎందుకు తుడిచావని అడుగుతాడు. నువ్వు బొట్లు పెట్టావని, సారు చూస్తే నా పరువు పోతుందని చెప్పాలి. ఆ మాట మొగిలి మొహం మీద అనడానికి ఆమెకు నోరు రాలేదు.

"నాకేం తెల్వదు బిడ్డా. నేను ఈడనే పనిలున్న," అంది అల్లం వైపు చూస్తూ.

"జిడ్డు మీద పెయింటు నిలవలేదేమో," అని తనలో తాను అనుకున్నట్టు అంటూ మొగిలి వెళ్లిపోయాడు.

పెయింటు. రాహేలు చేతిలో చిన్నరోకలి ఆగింది. పెయింటు అన్నాడు.

అప్పుడైనా వెనకే పరుగెత్తి పోవచ్చు. ఆమె లేచింది కూడా. గుమ్మం దాకా వచ్చేసరికి వాకిట్లో సుందర్ రావు సారు నిలబడి ఉన్నాడు. ముందుగానే వచ్చాడు. తెల్లచొక్కా, చంకలో గొడుగు.

"ఏమయ్యా, అయ్యిందా లేదా? ఇంకెంతసేపు?"

"అయిపోవచ్చింది సార్."

రాహేలు గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది.

చుక్కలు పోయాయి గానీ చక్రాలు తాను ఆపిన చోటే ఉన్నాయనుకుని మొగిలి కొత్త బెల్టు ఎక్కించాడు. స్పానరు పెట్టి చేత్తో ఇంజన్‌ను రెండు చుట్లు తిప్పి చూశాడు. ఎక్కడా తగల్లేదు. అన్నీ బిగించి స్టార్టు చేశాడు. బండి లేచింది. కానీ ఇంజన్ జ్వరం వచ్చిన మనిషిలా వణుకుతోంది.

"నాకు నచ్చుతలేదు పెద్దమ్మా ఈ సప్పుడు. ఒక్క గంట ఇయ్యి, మళ్ల విప్పి చూస్త."

వాకిట్లో అప్పటికే చాపలు పరిచారు. పాస్టరుగారి భార్య పాటల పుస్తకాలు పంచుతోంది.

"కూడిక టైమాయె బిడ్డా. రేపు చూద్దువు," అంది రాహేలు. మొగిలి మళ్లీ విప్పితే ఏమి తెలుస్తుందోనన్న భయమే ఆమె చేత ఆ మాట అనిపించింది.

మొగిలి పనిముట్లు సంచిలో వేసుకుని, వెనకవైపు గల్లీలోంచి పోయాడు. ఎప్పుడూ అంతే. వాళ్లకు కూడిక ఉందంటే వాడు ఎదుటి వాకిలి నుంచి పోడు.

మర్నాడు ఆదివారం. గుడి అయ్యేసరికి ఒంటిగంట. ఆ తర్వాత కృపానందాన్ని కాజీపేట స్టేషనుకు ఒకరు, మడికొండకు ఒకరు పిలిచారు. మొగిలి రెండుసార్లు వచ్చి, బండి లేక తిరిగి పోయాడు. "పికప్ జర తక్కువున్నది గని నడుస్తాంది లే," అన్నాడు కృపానందం రాత్రి అన్నం తింటూ. రాహేలు సగంలోనే లేచి చెయ్యి కడుక్కుంది.

సోమవారం పొద్దున ఆరింటికి సుందర్ రావు సారు, ఆయన భార్య సుశీలమ్మ, ఇంకో ముగ్గురు ఆ కారెక్కారు. గూడెప్పాడు దాటాక బండి గుంజడం మానేసింది. అయిదుగురి బరువుతో ఇంజన్ కాగి, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. రోడ్డు పక్కన పట్టుచీరలతో నిలబడి వాళ్లు గంటన్నర బస్సు కోసం చూశారు. సుశీలమ్మ ములుగు దాకా నిలబడే పోయింది. పోయేసరికి ఉంగరాలు మార్చుకోవడం అయిపోయింది.

ఆ సాయంత్రం సారు రాహేలు ఇంటికి వచ్చాడు. మొగిలి అప్పటికే అక్కడ ఉన్నాడు. లారీ వెనక కట్టి గుంజుకొచ్చిన కారు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రాహేలు తలుపు వెనక ఉంది.

"లారీలు చేసేటోని చేతిల పెట్టినందుకు తప్పు నాది. నీది కాదులే," అన్నాడు సారు.

"తప్పు నాదే సార్. గుర్తులు పోయినయి. నేను అందాజ్‌ల ఎక్కించిన," అన్నాడు మొగిలి.

"అందాజ్‌ల. అయిదుగురిని కూసుండబెట్టుకోని అందాజ్‌ల పంపినవ్."

"సార్, ఒక్కసారి విప్పి చూస్తడు..." అని కృపానందం అనబోయాడు.

"ఈ బండి ఇంక వీడు ముట్టొద్దు. హైదరాబాద్ నుంచి మెకానిక్‌ను పిలిపిస్తాన. శుక్రవారం వస్తడు. అప్పటిదాక ఇట్లనే ఉండనీ."

మొగిలి ఎవరినీ నిందించలేదు. ఎవరో ముట్టుకుని ఉంటారని కూడా అనలేదు. తలుపు సందులోంచి రాహేలుకు వాడి చేతివేళ్లు కనబడుతున్నాయి. ఆ వేళ్లతోనే, పలక మీద, కృపానందం పక్కన కూర్చుని వాడు అక్షరాలు దిద్దుతుంటే చూసి చూసి తాను చదువు నేర్చుకుంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. వాడు తప్పు రాసి చెరిపినప్పుడు తనకూ ఒప్పేదో తెలిసేది.

మంగళవారానికి కబురు వచ్చింది. ఏటూరునాగారంలో ఒక అడవి కంట్రాక్టరుకు జీపులు చూసేవాడు కావాలట, మొగిలి ఒప్పుకున్నాడట. గురువారం పొద్దటి బస్సుకు పోతున్నాడు. సారు షెడ్డు ఆశతో లారీ షెడ్డు పని మానుతానని ముందే చెప్పేశాడు. అక్కడ వేరేవాణ్ని పెట్టుకున్నారు. దేశాయిపేటలో వాడికి ఇక పని లేదు.

ఏటూరునాగారం రోడ్డు. రాహేలు ఆ రాత్రి నిద్రపోలేదు. ఇరవై ఆరేళ్ల కింద ఆమె భర్త ఆ రోడ్డు మీదే కలప లారీకి క్లీనరుగా పోయాడు. ఆదివారం పూట గుడి మాని పనికి పోతున్నాడని ఆమె కోపంతో మాట్లాడలేదు. అతను గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, వేసుకున్న చెప్పునే మళ్లీ వేసుకుంటూ, ఒక మాట కోసం కొంతసేపు ఆగాడు. ఆమె పొయ్యి ఊదుతూ ఉండిపోయింది. లారీ బోల్తా పడిందని మర్నాడు తెలిసింది. అప్పటినుంచి ఎవరు ఊరికి పోతున్నా ఆమె బస్టాండుకు పోదు. ఇంట్లోంచే చెప్పాల్సిన మాటలన్నీ రెండేసిసార్లు చెప్తుంది. అలాంటిది ఇప్పుడు మొగిలి పోతున్నా నోరు పెగలడం లేదు.

బుధవారం మధ్యాహ్నం మొగిలి భార్య సోమక్క వచ్చింది. కొంగు చాటున ఒక స్టీలు గిన్నె తెచ్చింది.

"ఆయన అటు పోతే నేను పరకాల తల్లిగారింటికి పోత పెద్దత్తా. మీ గిన్నె మా ఇంట్లనే ఉండిపాయె, ఇచ్చిపోదామని."

రాహేలు గిన్నె అందుకుంది. అంచు మీద ఆమె పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంది.

ఆ గిన్నెకు ఒక కథ ఉంది. రాహేలు బాప్తిస్మం తీసుకున్న కొత్తలో మొగిలి తల్లి మల్లక్క బోనాల నాడు అన్నం తెచ్చింది. దేవతకు పెట్టింది తినకూడదని రాహేలు గుమ్మంలోనే వద్దంది. మల్లక్క ఏమీ అనలేదు. తర్వాతి పండుగకు ఈ గిన్నెను అడిగి తీసుకుపోయింది. వంట కాగానే, దేవునికి పెట్టకముందే, రాహేలు ఇంటి వంతు దానిలోకి తీసి మూత పెట్టి పంపింది. "ముందుగాల తీసిందే, తినుండ్రి," అని చెప్పి పంపేది. మల్లక్క పోయినా సోమక్క ఆ పద్ధతి మానలేదు. గిన్నె కడిగి మళ్లీ వాళ్లింటికే పోయేది. ఇరవై ఏడెనిమిదేళ్లుగా అది ఉండేది అక్కడే.

అలాంటి ఇంటి కొడుకు నా కారుకు చాటుగా బొట్లు పెడతాడని ఎట్లా అనుకున్నాను. రాహేలుకు తుడవడం కంటే ఆ అనుకోవడమే పెద్ద తప్పుగా తోచింది.

"మొగిలేడి?" అంది.

"షెడ్డు తాళంచెవి ఇయ్యనీకి సారు ఇంటికి పోయిండు."

రాహేలు గిన్నె అరుగు మీద పెట్టి, చెప్పులు వేసుకోవడం కూడా మరచి నడిచింది.

సుందర్ రావు సారు వరండాలో పడక కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మొగిలి మెట్టు కింద నిలబడి, తాళంచెవి స్టూలు మీద పెడుతున్నాడు. సుశీలమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది.

"రాహేలమ్మా, ఏమైంది? గట్ల ఉరికస్తానవ్," అన్నాడు సారు.

"సారూ, ఆ గుర్తులు నేనే తుడిచిన."

ఆమె ఆగితే మళ్లీ చెప్పలేనని, ఊపిరి తీసుకోకుండా చెప్పుకుంటూ పోయింది. "శనివారం మధ్యాహ్నం. కిరసనాయిల్ పెట్టి తుడిచిన. చక్రం టక్కుమని తిరిగింది. మళ్ల నాకు తోచినట్టు తిప్పిన. మొగిలి వచ్చి అడిగితే తెల్వదని చెప్పిన."

"చక్రం తిరిగిందా?" అన్నాడు మొగిలి మెల్లగా. "అరె పెద్దమ్మా. చక్రం కదిలిందని తెలిస్తే నేను మొదటినుంచి లెక్క పట్టేటోన్ని గద. చుక్కలే పోయినయి, చక్రం ఉన్న కాడనే ఉన్నదనుకున్న."

"సరే, తుడుస్తే తుడిచినవ్. ఎందుకు తుడిచినవమ్మా?" అన్నాడు సారు.

రాహేలు నేల వైపు చూసింది. ఆమె పాదాలు మట్టికొట్టుకుని ఉన్నాయి.

"పసుపు మీద ఎర్రగ ఉంటె... బొట్లనుకున్న. పూజ చేసిండనుకున్న. మీరు వస్తరు, చూస్తరు, ఆటో ఆయనకు అయినట్టు అయితదని భయపడ్డ."

సుశీలమ్మ చేటలో బియ్యం చప్పుడు ఆగింది. సారు పడక కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

మొగిలి గొంతు పెంచలేదు. "మా అమ్మ మీ ఇంటికని గిన్నె వేరే తీసింది పెద్దమ్మా. నేను చిన్నప్పటి సంది ఆ గిన్నె మోసిన. పండుగ నాడు బొట్టు తుడుసుకోని మీ ఇంటికొచ్చేటోన్ని, నీకు నచ్చదని. నేను మీ బండికి బొట్టు పెడ్తనా?"

"పెట్టవు బిడ్డా."

"ఇంజన్ తప్పు పోయిందంటే నా చెయ్యి తప్పిందనుకున్న. మూడు దినాల సంది నా చెయ్యిని నేనే నమ్ముతలేను."

మొగిలి ఎవరికీ చెప్పకుండా వాకిలి దాటి వెళ్లిపోయాడు. తాళంచెవి స్టూలు మీదే ఉంది. కొంతసేపటికి సారు దాన్ని తీసి రాహేలుకు కాదు, తన భార్యకు ఇచ్చి, "రేపు పొద్దున నేనే పట్టుకపోయి ఇస్త," అన్నాడు. రాహేలు మొహంలోకి మాత్రం ఆయన చూడలేకపోయాడు.

గురువారం పొద్దటి బస్సు పోయింది. బండిని అట్లా వదిలేసి మొగిలి దానిలో పోలేదు. ఏడింటికి సంచితో రాహేలు వాకిట్లోకి వచ్చాడు. సారు కూడా వచ్చి, కుర్చీ వద్దని, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మొగిలి మళ్లీ చక్రం ఊడదీశాడు, కవర్లు విప్పాడు. ప్లగ్గు తీసి ఆ బొక్కలో సైకిల్ పుల్ల దించి, పిస్టన్ ఎంత పైకి వచ్చిందో చూస్తూ చేత్తో ఇంజన్ తిప్పాడు. పైచక్రం రెండు పళ్లు తప్పి ఉంది. సరిచేసి, పసుపు పూసి, ఎర్రచుక్కలు పెట్టాడు. మొన్నటి లాగే నాలుగు.

నడుమ ఒకసారి పొడుగు పానా తేవడానికి వాడు లేవాల్సి వచ్చింది. లేచి, భుజం మీది తువ్వాలు తీసి ఇంజన్ మీద కప్పాడు.

"ఎవ్వరు ముట్టొద్దురా," అన్నాడు కృపానందంతో.

రాహేలు అప్పుడు టీ గ్లాసుతో మూడడుగుల దూరంలో నిలబడి ఉంది. టీ చల్లారిపోయింది. వాడు తాగలేదు. వద్దని కూడా అనలేదు.

పదింటికి ఇంజన్ లేచింది. వణుకు లేదు. బానెట్ మీద పెట్టిన నీళ్ల చెంబులో నీళ్లు కూడా కదలడం లేదని కృపానందం చూపించాడు. సారు తాళంచెవి జేబులోంచి తీసి మొగిలి చేతికి ఇచ్చి, "కాగితం రేపు రాస్త," అన్నాడు. ఇంకేదో అనబోయి, గొడుగు చంకలో సర్దుకుని వెళ్లిపోయాడు.

మూడు వారాలకు దసరా వచ్చింది. ఆ మూడు వారాల్లో మొగిలి రాహేలు ఇంటికి రాలేదు. కృపానందంతో మామూలుగానే ఉన్నాడు. దారిలో కనబడితే "బాగున్నవా పెద్దమ్మా" అనేవాడు, ఆగేవాడు కాదు. గిన్నె ఆమె ఇంట్లోనే ఉంది. ఎవరూ దాన్ని అడగడానికి రాలేదు. దసరా పొద్దున పదకొండు దాకా చూసి, రాహేలు ఆ గిన్నెను తానే పట్టుకుని ములుగు రోడ్డు షెడ్డుకు నడిచింది.

షెడ్డు ముందు మామిడాకులు కట్టారు. లోపల బల్ల మీద పానాలు, స్పానర్లు, జాకీ వరసగా పేర్చి, ఒక్కొక్కదానికీ పసుపు పూసి కుంకుమ పెట్టారు. పూజ అయిపోయింది. సోమక్క విస్తరాకులు వేస్తోంది. రాహేలును చూడగానే మొగిలి గబుక్కున భుజం మీది తువ్వాలు తీసి బల్ల మీది పానాలపై కప్పాడు. మొహం మీది బొట్టు తుడుచుకోవడానికి చెయ్యి నుదుటి దాకా పోయింది.

చిన్నప్పటి అలవాటు. అది కోపం కాదని రాహేలుకు అర్థమైంది. వాడు కోపంగా ఉంటే ఆమెకు అంత సిగ్గు వేసేది కాదు.

"ఉండనియ్యి మొగిలీ. తియ్యి ఆ బట్ట," అంది.

వాడు తీయలేదు. ఆమె చేతిలోని గిన్నె వైపు చూశాడు.

"ఈసారి ముందుగాల తియ్యలే పెద్దమ్మా. మీ గిన్నె ఇంట్ల లేకపాయె. అన్నీ దేవునికి పెట్టినయే ఉన్నయి."

రాహేలు ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడింది. పెట్టినవైనా తింటానని అనలేకపోయింది. అనడం అబద్ధమవుతుంది, ఇంకో అబద్ధం ఆమెకు వద్దు. అలాగని వెనక్కి తిరిగి పోవడానికీ కాళ్లు రాలేదు.

మొగిలి సోమక్క వైపు తిరిగాడు. "పొయ్యిల నిప్పున్నదా?"

"ఉన్నది గని ఎందుకు?"

"పిడికెడు బియ్యం పొయ్యి మళ్ల."

సోమక్క రాహేలు చేతిలోంచి గిన్నె తీసుకుని షెడ్డు వెనకకు పోయింది. మొగిలి ఒక ఖాళీ ఆయిల్ డబ్బా తిరగేసి, దులిపి, కూర్చొమ్మన్నట్టు ముందుకు జరిపాడు. రాహేలు కూర్చుంది. చేయి చాపి తువ్వాలును తానే మడత పెట్టి ఒళ్లో పెట్టుకుంది. మొగిలి వద్దనలేదు.

అన్నం ఉడికేదాకా ఆమె ఆ పసుపునూ ఎర్రచుక్కలనూ చూస్తూ అక్కడే కూర్చుంది.